ఐదేళ్ళు మన్నవలసిన ఈక

మా పట్టణంలోని మహిళా డిగ్రీ కళాశాలలో గత సంవత్సరం ఒక బల్ల విరిగింది. విరిగినప్పుడు దాని మీద తనిఖీకి వచ్చిన అధికారి ఒకరు కూర్చుని ఉన్నారు. అదే బల్ల మీద అంతకు ముందు ఏడాదిన్నరగా నలుగురేసి ఆడపిల్లలు కూర్చున్నారు. వాళ్ళు కూర్చున్నప్పుడు అది ఊరికే ఊగింది కనుక ఎవరూ పట్టించుకోలేదు. అధికారి లేచి, దుమ్ము దులుపుకుని వెళ్ళిన మూడు నెలలకు ఒక సర్క్యులర్ వచ్చింది. నలభై ఒక్క పేజీలు. సారాంశం ఇది: ఇకమీదట సంస్థ కొనే ప్రతి వస్తువూ, అది ఏ వస్తువైనా సరే, కొన్ననాటి స్థితిలోనే కనీసం ఐదేళ్ళు మన్నాలి. మన్నుతుందని ఎంపిక సంఘం ముందుగానే పరీక్షించి ధ్రువీకరించాలి.

బల్లలకు ఇది మంచి నియమమే. బీరువాలకు కూడా. అయితే సర్క్యులర్ వచ్చాక ఆ కళాశాల కొనదలచిన మొదటి వస్తువు బల్లా కాదు, బీరువా కాదు, బ్యాడ్మింటన్ సామగ్రి.

సంఘంలో నలుగురు ఉండాలి: ప్రిన్సిపాల్, స్టోర్సు సూపరింటెండెంటు, వ్యాయామ అధ్యాపకురాలు, సంస్థకు వెలుపలి నిపుణులు ఒకరు. ఆ నాలుగో స్థానం నాకిచ్చారు. నేను ఆ కళాశాలలో ముప్పై మూడేళ్ళు లైబ్రేరియన్‌గా పనిచేసి రిటైరైన దాన్ని. ఏనాడూ రాకెట్ పట్టలేదు. ఆ సంగతి ప్రిన్సిపాల్ డాక్టర్ పానకాలరావు గారికి ఫోనులో స్పష్టంగా చెప్పాను.

"అదేనండీ మీ విశిష్టత," అన్నారాయన. "ఆట తెలిసినవారికి సామగ్రి మీద మమకారం ఉంటుంది. మమకారం ఉన్నచోట నిష్పాక్షికత ఉండదు. మీరు సంపూర్ణంగా నిష్పాక్షికులు."

నా ఉద్యోగకాలంలో చిరిగిన ప్రతి పుస్తకానికీ నేను సంజాయిషీ రాసిచ్చాను. ఎవరూ ముట్టని పుస్తకాలకు మాత్రం ఎన్నడూ రాయవలసిన అవసరం రాలేదు. అందుచేత ఈ సర్క్యులర్ నాకు వింతగా తోచలేదు. పాత పరిచయస్థుడొకడు పదోన్నతి మీద తిరిగి వచ్చినట్టు అనిపించింది. ఐనా ఒప్పుకున్నాను. ఒప్పుకోవడానికి కారణం మస్తానమ్మ.

మస్తానమ్మ రెండో సంవత్సరం బి.కాం. చదువుతోంది. వాళ్ళ నాన్న దస్తగిరి పరుపులు కుడతాడు. తరతరాలుగా దూది ఏకే ఇల్లు వాళ్ళది. కళాశాల వెనక పాడుపడిన పొగాకు గోడౌన్ ఒకటి ఉంది. పైకప్పు ఎత్తు, గాలి చొరదు. వ్యాయామ అధ్యాపకురాలు ఎస్తేరు రాణి ఆ నేల మీద సున్నంతో గీతలు గీయించి దాన్ని కోర్టు చేసింది. పాతికేళ్ళ నాటి పొగాకు ఘాటు ఇంకా గోడల్లో ఉంది. పొరుగూళ్ళ పిల్లలు అక్కడ ఆడితే తుమ్ముతారు. మస్తానమ్మ తుమ్మదు, గెలుస్తుంది. నిన్నమొన్నటి దాకా బ్యాంకు మేనేజరు గారి అమ్మాయి రాకెట్ అడిగి తెచ్చుకుని ఆడేది. మేనేజరు గారికి బదిలీ అయింది. ఆయనతోపాటు రాకెట్‌కూ అయింది. ఇప్పుడామె చేతిలో ఉన్నది ఎస్తేరు రాణి చదువుకునే రోజుల నాటిది. చట్రం చీలితే కరెంటు టేపు చుట్టారు.

వచ్చే నెల ఇరవైన విశ్వవిద్యాలయ అంతర కళాశాలల పోటీలు. ఫైనల్ దాకా వెళ్ళినవారిని విశ్వవిద్యాలయ జట్టులోకి తీసుకుంటారు. ఇక వాళ్ళ శిక్షణ, వసతి, సామగ్రి అన్నీ జట్టే చూసుకుంటుంది. మూడో ఏడాదిలో పోటీల నెలలన్నీ పిల్లలు ఇంటర్న్‌షిప్ పేరిట ఏదో ఒక ఆఫీసులో కూర్చోవలసినవే కనుక మస్తానమ్మకు ఈసారి తప్పితే మరోసారి లేదు. సర్క్యులర్ ఇరవై రెండో పేజీలో ఒక వాక్యం ఉంది: సంస్థ తరఫున పాల్గొనేవారు సంస్థ స్టాకు సంఖ్య వేసిన సామగ్రితో మాత్రమే పాల్గొనాలి. టేపు చుట్టిన రాకెట్‌కు స్టాకు సంఖ్య లేదు. నేనే ఒకటి కొనిస్తానన్నాను. దానంగా వచ్చిన వస్తువుకూ మన్నిక ధ్రువపత్రం కావాలన్నారు.

మొదటి సమావేశంలో ఎస్తేరు రాణి తన కాగితం చదివింది. తేలికపాటి రాకెట్లు నాలుగు, ఈకల కాక్‌లు ఇరవై డబ్బాలు, నెట్ ఒకటి, జారని గమ్ అడుగున్న బూట్లు నాలుగు జతలు.

స్టోర్సు సూపరింటెండెంటు కోటిలింగం గారు చెయ్యెత్తారు. ఇరవై ఆరేళ్ళుగా స్టోర్సు తాళాలు ఆయన నడుముకే వేలాడుతున్నాయి. ఆయన కదిలితే గది మొత్తానికి తెలుస్తుంది.

"ఈ కాక్ అంటే ఏందమ్మా?"

"కార్కుకి పదహారు ఈకలు గుచ్చుతారండి. బాతు ఈకలు. దాన్నే కొట్టేది."

"ఎన్నాళ్ళొస్తది?"

"గట్టి ఆటైతే గేముకి రెండు మూడు పోతాయండి."

"గేమంటే ఎన్ని నెలలు?"

"ఇరవై నిమిషాలండి."

పానకాలరావు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఎస్తేరు రాణి గారూ, ఇరవై నిమిషాల ఆయుర్దాయం గల వస్తువును ఐదేళ్ళ ప్రమాణం గల సంఘం ముందు ప్రతిపాదిస్తున్నామన్న స్పృహ మీకు ఉన్నదా?"

"ఆటంటే అంతే గదండీ. కొడితే ఈక ఇరగదా?"

"అట్లయిన పక్షంలో కొట్టే విధానాన్ని పునఃపరిశీలించాలి."

ఎస్తేరు రాణి నావైపు చూసింది. నేను పెన్సిల్ చెక్కుకుంటున్నాను.

"ఇంకో సంగతండీ," అంది ఆమె, దాచిపెట్టడం ఇష్టం లేని మనిషిలా. "పదహారు ఈకలూ ఒకే రెక్కవై ఉండాలి. మంచి కాక్‌కి ఎడం రెక్క ఈకలే వాడతారు. లేకపోతే తిన్నగా పోదు."

"ఎడమ రెక్కే ఎందుకు? పక్షి ఒకటే కదా! కుడి రెక్కను విస్మరించడానికి ప్రాతిపదిక ఏమిటి? రేపు ఎవరైనా ప్రశ్నిస్తే సంస్థ తరఫున నేను ఏమని సమాధానం చెప్పాలి?" ఆయన కోటిలింగం గారివైపు తిరిగారు. "ఎనిమిది ఎడమవి, ఎనిమిది కుడివి. అట్లా దిద్దండి."

కోటిలింగం గారు దిద్దారు. తరవాత తాళాలు గలగలలాడించుకుంటూ వెళ్ళి, స్టోర్సు నుంచి ఒక అట్టపెట్టె తెచ్చి మా ముందు తెరిచారు. అందులో పసుపుపచ్చని ఉన్ని బంతులు ఆరు, బాల్ బ్యాడ్మింటన్‌వి, కొత్త పెళ్ళికూతుళ్ళలా కూర్చుని ఉన్నాయి.

"ఇయ్యి ఎనభై ఏడులో కొన్నయ్యి సార్. ఈనాటి దాకా ఒక్క పోగు ఊడలా. వస్తువంటే ఇట్టా ఉండాల."

"ఇన్నేళ్ళలో వీటితో ఎవరైనా ఆడారా?" అని అడిగాను.

"నా చేతిలో ఉండగానా?" అన్నారు కోటిలింగం గారు, నొచ్చుకుని.

నియమం ప్రకారం ముందుగా ఒక నమూనా సెట్టు తెప్పించాలి. తెప్పించారు. ఎనభై అయిదు గ్రాముల రాకెట్, ఈకల కాక్‌లు పన్నెండున్న డబ్బా, బూట్ల జత. బూట్ల కొలత విషయంలో వివాదం తలెత్తకుండా సంఘ సభ్యుల నలుగురి పాదాల సగటు తీశారు. అది ఎనిమిది వచ్చింది. మస్తానమ్మది అయిదు.

"వినియోగించబోవు వ్యక్తి"గా మస్తానమ్మను పిలిపించి నమూనా చూపించారు. ఆమె రాకెట్ తీసుకుని గాలిలో ఒక్కసారి ఊపింది. సన్నని ఈల వినిపించింది. "అబ్బ!" అంది, అంతే. ఆ ఈల ఇంకా గదిలో ఉండగానే కోటిలింగం గారు రాకెట్ అందుకుని, స్టాకు సంఖ్య రాసి, పురికొస చుట్టి, మూడుచోట్ల లక్క కరిగించి ముద్ర వేశారు. ఇనుప బీరువా తలుపు మూసుకుంది.

"నాలుగు రోజులన్నా ఆడి ఇస్తా సార్," అంది మస్తానమ్మ.

"నమూనా గదమ్మా. వాడితే ఇంకది నమూనా ఎట్టా అవుద్ది?"

తరవాతి మూడు వారాలు సంఘం మన్నిక ప్రమాణాలు రూపొందించింది. ప్రతి వస్తువునూ కళాశాల మేడ మీద నుంచి కిందికి పడవేయాలి. ఒక పగలంతా నీళ్ళతొట్టిలో నానబెట్టాలి. తూకం వేయాలి. తేలికైన వస్తువు త్వరగా పాడవుతుందన్నది ప్రిన్సిపాల్ గారి సిద్ధాంతం. కనుక బరువు పెరిగిన కొద్దీ మార్కులు పెరుగుతాయి. ఊళ్ళో ఉన్న క్రీడా వస్తువుల దుకాణదారు నైలాను కాక్‌లు తెచ్చాడు. ఐదేళ్ళ హామీ రాసిమ్మంటే పెట్టె సర్దుకుని, "నా దగ్గర ఆడేవాళ్ళు కొనుక్కుంటారండీ," అని చెప్పి వెళ్ళిపోయాడు. హామీ ఇవ్వడానికి ముందుకు వచ్చినవారు ఇద్దరే: గేట్లు, కిటికీ గ్రిల్సు చేసే వెల్డింగ్ షాపు యజమాని ఒకరు, మంచపు కోళ్ళు చెక్కే వడ్రంగి ఒకరు. ఇద్దరూ నిజాయితీపరులు. బ్యాడ్మింటన్ అంటే ఏమిటని వాళ్ళు అడగలేదు. ఎన్నేళ్ళు ఉండాలని మాత్రమే అడిగారు.

నాలుగో సమావేశం ఆరుబయట, కార్యాలయం ముందు జరిగింది. అప్పటికి పోటీలు తొమ్మిది రోజుల్లోకి వచ్చాయి. బల్ల మీద ఎర్రగుడ్డ పరిచి ఆమోదయోగ్య సామగ్రిని ప్రదర్శించారు. రాకెట్ చట్రం అరంగుళం ఇనుప కడ్డీ, తీగల స్థానంలో ఇసుక జల్లించే జల్లెడ. బరువు రెండు కిలోల మూడు వందల గ్రాములు. కాక్ సాంతం టేకు, పదహారు ఈకలూ చెక్కతోనే చెక్కి, విడిపోకుండా నడుముకు ఇత్తడి పట్టీ వేశారు. ఈకలలో ఎనిమిది ఎడమవైపుకు, ఎనిమిది కుడివైపుకు వంగి ఉన్నాయి. నెట్‌కు బదులు కంచెలకు వాడే ఇనుప వల. బూట్లకు బదులు లారీ టైరు అడుగు వేసిన చెప్పులు. ప్రతి దాని మీదా స్టాకు సంఖ్య సుత్తితో కొట్టారు.

మస్తానమ్మ రాకెట్‌ను రెండు చేతులా ఎత్తి చూసి, ఎస్తేరు రాణి చెవి దగ్గరికి వంగింది. "మేడం, ఇది ఆడేదా, ఇల్లు కట్టేదా?"

"ఊరుకోవే. నాకు నవ్వాగటంలా."

ప్రారంభ సర్వీసు పానకాలరావు గారే చేశారు. కోటు విప్పి, టేకు కాక్‌ను ఎడమచేత్తో ఎగరేసి, ఇనుప రాకెట్‌ను రెండు చేతులతో భుజం మీదుగా తిప్పారు. కాక్ కంచె మీదుగా పోవలసినదే. కాని అది కార్యాలయం కిటికీ అద్దం పగలగొట్టుకుని లోపలికి వెళ్ళి, గోడ క్యాలెండరును పడగొట్టి, టైపిస్టు గారి టీ గ్లాసుకు బెత్తెడు దూరంలో ఆగింది. లోపల టైపిస్టు గారు ఓ కేక వేశారు. కోటిలింగం గారు పరుగెత్తుకెళ్ళి కాక్‌ను ఎత్తి పట్టుకుని బయటికి వచ్చారు. ఆయన ముఖం వెలిగిపోతోంది.

"చెక్కు చెదర్లా సార్!"

"నమోదు చేయండి," అన్నారు ప్రిన్సిపాల్ గారు, భుజం పట్టుకుని. "వస్తువుకు ఎట్టి నష్టమూ వాటిల్లలేదు."

"అద్దం పగిలిందండి," అన్నాను.

"అద్దాల మన్నిక వేరే ఫైలు."

మస్తానమ్మను ఆడి చూపమన్నారు. ఆమె ఒక్కసారి తిప్పి, మణికట్టు పట్టుకుని రాకెట్ కింద పెట్టింది. "దీంతో ఆడితే చెయ్యి ఊడొస్తది సార్. ఇరవయ్యో తారీకు దగ్గరికొచ్చింది. బీరువాలో ఉన్నది ఇయ్యండి సార్, జాగ్రత్తగా చూసుకుంటా."

ప్రిన్సిపాల్ గారు కఠినుడు కాదు. చాలా మృదువుగా చెప్పారు: "అమ్మాయీ, ఆటగత్తెలు మూడేళ్ళకోసారి మారుతుంటారు. సామగ్రి శాశ్వతం. ఈ రెండింటిలో దేనికి అనుగుణంగా ఏది మలచుకోవాలో నీవే ఆలోచించు. ఈకల నమూనాను రేపు లాంఛనంగా తిరస్కరిస్తున్నాం."

ఆ సాయంత్రం మస్తానమ్మ మా ఇంటికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"నా పేరు కొట్టేయమని చెప్పండి మేడం. ఆ జల్లెడ ఎత్తుకుని అంతమందిలోకి ఎట్టా పోయేది? నవ్వు ఆపుకోలేక వాళ్ళే ఓడిపోతారేమో గానీ, నాకది గెలుపు గాదు."

నేను అడిగిన వారంతా సర్క్యులర్‌లో మొదటి రెండు పేజీలు చదివారు. అవసరం పడినవారు ఇరవై రెండో పేజీ చదివారు. నాకు పుస్తకాన్ని చివరిదాకా చదివే చెడ్డ అలవాటు ఉంది. ఆమెను కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, నలభై ఒక్క పేజీలూ ముందు పెట్టుకున్నాను. ముప్పై ఎనిమిదో పేజీలో ఆగాను. ఆ భాగం బహుశా బల్లలను ఉద్దేశించినది. బరువైన మనిషి ఎవరినో కూర్చోబెట్టాలన్నది రచయిత ఊహ కావచ్చు. కాని ఆయన బల్ల అని రాయలేదు.

మర్నాటి సమావేశంలో దాన్ని చదివి వినిపించాను: "ఏ నమూనానైనను తిరస్కరించుటకు పూర్వము, శిక్షణ పొందిన వినియోగదారుచేత, అత్యంత కఠినమైన వాడుక పరిస్థితులలో, వెలుపలి నిపుణుల సమక్షమున, అది విఫలమగునంత వరకు పరీక్షించి, సదరు వైఫల్యమును ధ్రువీకరించవలెను. అట్లు పరీక్షింపబడని నమూనా తిరస్కరణ చెల్లనేరదు."

కోటిలింగం గారి తాళాలు చప్పుడు చేయడం మానాయి. "అంటే... ఈకల నమూనా తీసెయ్యందే ఇనప సెట్టు తీసుకోటానికి లేదా సార్?"

"ఎందుకు లేదు?" అన్నారు ప్రిన్సిపాల్ గారు. "ఈకల నమూనాను పరీక్షిద్దాం. ఇప్పుడే మేడ మీద నుంచి పడవేయించండి."

"అది వాడుక కాదండీ," అన్నాను. "రాకెట్‌ను మేడ మీద నుంచి పడవేసి ఎవరూ ఆడరు."

"మరి అత్యంత కఠినమైన వాడుక పరిస్థితులు మన ప్రాంతంలో ఎక్కడ లభ్యమవుతాయి?"

"ఈ నెల ఇరవైన విశ్వవిద్యాలయ ఇండోర్ స్టేడియంలో. ముప్పై రెండు కళాశాలల వాళ్ళు ఈ నమూనాను బలంగా కొట్టించడానికి సిద్ధంగా ఉన్నారు. శిక్షణ పొందిన వినియోగదారు మన దగ్గరే ఉంది. నమూనాకు స్టాకు సంఖ్య ఇప్పటికే ఉంది."

పానకాలరావు గారు చాలాసేపు ఆలోచించారు. ఆయన ఆలోచిస్తున్నప్పుడు అందంగా ఉంటారు. తరవాత ఉత్తర్వు చెప్పి రాయించారు: నమూనా విఫలీకరణ నిమిత్తం ఫలానా విద్యార్థినిని, వెలుపలి నిపుణురాలిని, వ్యాయామ అధ్యాపకురాలిని మూడు రోజులపాటు పంపడమైనది. నమూనా చెక్కుచెదరకుండా తిరిగి వచ్చిన పక్షంలో ముగ్గురూ విడివిడిగా సంజాయిషీ సమర్పించవలెను.

"అంటే నేను దాన్ని ఇరగ్గొట్టాల్నా సార్?" అంది మస్తానమ్మ, నమ్మలేక.

"ప్రజాప్రయోజనార్థం."

లక్క ముద్రలు పగిలాయి. రాకెట్ ఇంటికి వెళ్ళింది. దస్తగిరి దాన్ని గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. నలభై ఏళ్ళు దూది ఏకే విల్లు నారి మోత వింటూ బతికిన మనిషి.

"వదులుగా ఉందమ్మా," అన్నాడు నాతో. "దీని గొంతు లేవలా. ఈ మోత మీదైతే నా ఇంట్లో దూదే లేవదు, ఇంక కాక్ ఏం లేస్తది?"

పొద్దున్నే బస్సెక్కి పెద్దూళ్ళో తీగలు కట్టే దుకాణానికి వెళ్ళి, మిషను పక్కనే నిలబడి, "ఇంకొంచెం, ఇంకొంచెం... అదీ!" అని తనకు నచ్చిన మోత పలికేదాకా బిగింపించి తెచ్చాడు. నమూనాను అనధికారులు తాకరాదు గనుక నా నివేదికలో ఇలా రాశాను: తీగల బిగువును ఆ రంగంలో నలభై ఏళ్ళ అనుభవం గల స్వతంత్ర నిపుణుడు వినికిడి పద్ధతిలో నిర్ధారించారు. ఎనిమిదో నంబరు బూట్లలో మిగిలిన ఖాళీని కూడా ఆ నిపుణుడే దూదితో పూరించాడు. పన్నెండు కాక్‌లూ గోడౌన్‌లో వారం ప్రాక్టీసుకు సరిపోయాయి. ఒక్కటీ ఐదేళ్ళు ఉండలేదు.

స్టేడియంలో నేను కోర్టు పక్కన కుర్చీ వేసుకుని, పరీక్షా పత్రం ఒళ్ళో పెట్టుకున్నాను. దానిలో నాలుగు గడులు: తేదీ, సమయం, ప్రయోగించిన బలం, వస్తువు స్థితి. మొదటి ఆట మస్తానమ్మ గెలిచింది. వస్తువు స్థితి, క్షేమం. రెండో ఆట గెలిచింది, క్షేమం. అవతలి జట్టు కోచ్ ఒకాయన వెనక నుంచి తొంగిచూశాడు.

"ఏం రాస్తన్నారండీ పెద్దమ్మగారూ, స్కోరా?"

"కాదు బాబూ. నష్టం."

మూడో ఆట, సెమీఫైనల్ కూడా దాటింది. ప్రతి గెలుపు తరవాతా మస్తానమ్మ వచ్చి రాకెట్ నాకు చూపేది. "ఇంకా ఇరగలా మేడం. తిడతారేమో!" అని నవ్వేది. ఎస్తేరు రాణి మాత్రం నవ్వలేదు. మా దగ్గర ఉన్నది ఒక్కటే రాకెట్. ఫైనల్‌లో ఎదురుగా వచ్చిన అమ్మాయి సంచిలో అయిదున్నాయి.

చెరొక గేమ్. మూడో గేమ్‌లో మస్తానమ్మ ఇరవై, ఆ అమ్మాయి పందొమ్మిది. మరొక్క పాయింటు. ఎస్తేరు రాణి లేచి నిలబడి, నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని, అంతలోనే తీసేసి అరిచింది: "నిదానం! గట్టిగా కొట్టబాకే, తీగలు చూసుకో!"

మస్తానమ్మ ప్రిన్సిపాల్ గారి ఉత్తర్వు పాటించింది. గాలిలోకి ఎగిరి, శక్తంతా పెట్టి కొట్టింది. టప్పుమని తీగ తెగింది. ఆ దెబ్బ బలంలో ముప్పాతిక తీగతో పోయింది. మిగిలిన పాతికతో ఈకల కాక్ వల అంచును రాసుకుని, అటువైపు వల మొదట్లోనే నిస్సత్తువగా రాలింది. ఎదుటి అమ్మాయి మెరుపు దెబ్బ కోసం కోర్టు చివర కాచుకుని ఉంది. పరుగెత్తుకొచ్చేసరికి అది నేల మీద పడుకుని ఉంది.

స్టేడియం అరుస్తుండగా నేను గడి పూరించాను: సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలు, ప్రయోగించిన బలం, సంపూర్ణం, వస్తువు స్థితి, విఫలం. గెలిచిందని కూడా రాయబోయాను. దాన్ని నమోదు చేయడానికి గడి లేదు.

విశ్వవిద్యాలయ జట్టు వాళ్ళు అక్కడికక్కడే మస్తానమ్మ పేరు రాసుకున్నారు. కాళ్ళ కొలత కూడా. అయిదు.

చివరి సమావేశంలో నా నివేదిక చదివాను. పన్నెండు కాక్‌లు ధ్వంసం, మూడు రోజుల్లో రాకెట్ విఫలం. పానకాలరావు గారు తృప్తిగా తల ఊపారు. "చూశారా! నేను మొదటే అన్నాను. మూడంటే మూడు రోజులు! విద్యార్థిని చక్కగా సహకరించింది. నమూనా తిరస్కరించడమైనది."

"గెలిచిందండి సార్," అంది ఎస్తేరు రాణి. "ముప్పై రెండు కాలేజీల మీద గెలిచింది." కప్పు తీసి బల్ల మీద పెట్టింది. మూరెడు ఎత్తు, రెండు చెవులు, నల్లచెక్క పీఠం.

అందరూ దానివైపు చూశారు. కోటిలింగం గారు లేచి, చేతిలోకి తీసుకుని బరువు చూశారు. ఆయన కళ్ళలో ఉన్ని బంతుల నాటి కాంతి కనిపించింది.

"సార్... ఇది కూడా బ్యాడ్మింటన్ సామానే గదా?"

"పోటీకి సంబంధించిన వస్తువే. సందేహం లేదు."

కప్పును మేడ మీద నుంచి పడవేశారు. పీఠం మీద చిన్న గీత పడింది. పగలంతా నీళ్ళతొట్టిలో ఉంచారు. తుడిస్తే మునుపటికన్నా మెరిసింది. తూకం వేశారు, కిలో ఎనిమిది వందలు. మర్నాడు సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది: ఇనుప రాకెట్ జల్లెడ తుప్పు పట్టడం మొదలైనందున, టేకు కాక్ నీటిలో ఉబ్బినందున, పరీక్షించిన వస్తువులన్నిటిలో ఐదేళ్ళ మన్నిక ప్రమాణాన్ని సంపూర్ణంగా తృప్తిపరచినది కప్పు ఒక్కటే. కావున బ్యాడ్మింటన్ ఆడుటకు అవసరమైన సామగ్రిగా కప్పులు పన్నెండు కొనుగోలు చేయవలెను. ఎస్తేరు రాణి సంతకం పెట్టి పెన్ను నావైపు తోసింది. నేనూ పెట్టాను. నలభై ఒక్క పేజీల్లో దాన్ని ఆపగల వాక్యం లేదు, రెండుసార్లు చదివాను.

కొత్త కప్పులను పోల్చి చూసుకోవడానికి నమూనా ఒకటి ఉండాలి. కోటిలింగం గారు పురికొస, లక్క సిద్ధం చేసుకుని మస్తానమ్మను పిలిపించారు. ఆమె అప్పటికే ప్రయాణానికి తయారై వచ్చింది. భుజాన విశ్వవిద్యాలయం వాళ్ళిచ్చిన సంచి, అందులోంచి రెండు రాకెట్ల పిడులు కనిపిస్తున్నాయి.

"నీ పేరు మీద వచ్చిందే గానీ, సంస్థ ఆస్తి గదమ్మా ఇది," అన్నారాయన, కొంచెం ఇబ్బందిగా. "బీరువాలో పెడతన్నా. నీకేమన్నా..."

మస్తానమ్మ కప్పును ఒకసారి చూసింది. సంచి భుజం మీదికి సర్దుకుంది.

"పెట్టుకోండి సార్. దాంతో ఆడేదానికి కుదరదుగా."

కోటిలింగం గారు లక్క కరిగించి, ముద్ర వేసి, రిజిస్టరులో రాసుకున్నారు: వినియోగదారుకు అభ్యంతరం లేదు.